గ్యాస్ కొట్టించే ముందు



మే నెల. మధ్యాహ్నం రెండు గంటలు. ఏలూరు నుంచి ఒక కుటుంబం కారులో విజయవాడ వచ్చింది. భార్యాభర్తలు, వెనక సీట్లో పెద్దావిడ, ఆవిడ ఒళ్ళో పసిపాప. ఆటోనగర్లో మా షెడ్డు ముందు కారు ఆగేసరికి పాప మొహం ఎర్రగా కందిపోయి ఉంది. కారు దిగుతూనే ఆయన అన్న మాట ఇది. "ఏసీ కూలింగ్ చాలట్లేదండీ. ఈ ఎండాకాలంలోనే రెండుసార్లు గ్యాస్ కొట్టించాను. సాయంత్రం పూట బాగుంటుంది. మిట్టమధ్యాహ్నం మాత్రం ఉడికిపోతున్నాం."

గ్యాస్ నిజంగా తక్కువైనా ఆ తేడా మధ్యాహ్నమే తెలుస్తుంది. అందుకని నేను వెంటనే ఏమీ తేల్చలేదు. ఇంజను ఆపకుండా, టెంపరేచర్ మీటను అట్టడుగుకు తిప్పమన్నాను. 24 నుంచి కిందికి, ఇంకా కిందికి. చివరికి తెర మీద అంకె పోయి "లో" అనే మాట వచ్చింది. రెండు నిమిషాలు ఆగాం. బ్లోయర్ హోరుమంది. గాలి మంచులా వచ్చింది. పెద్దావిడ పమిట చెంగు పాపకు కప్పింది.

అంటే ఏమిటి? గ్యాస్ ఉంది. కంప్రెసర్ బాగుంది. చల్లబరిచే యంత్రం మొత్తం బాగుంది. మరి లోపం ఎక్కడ?

డాష్‌బోర్డు మీదికి చూశాను. అద్దం దగ్గర ఒక మందపాటి బొచ్చు గుడ్డ పరిచి ఉంది. దాని మీద వినాయకుడి విగ్రహం, పక్కన సెంటు సీసా. గుడ్డ ఎత్తి చూస్తే, సరిగ్గా దాని కింద, చిన్న నల్లటి బుడిపె. అది సూర్యుడి సెన్సార్. ఎండ ఎంత తీక్షణంగా పడుతోందో కారుకు చెప్పేది అదే. దానికి గుడ్డ కప్పేశారు. కారు దృష్టిలో ఆకాశం మబ్బు పట్టింది. అందుకని బ్లోయర్ను తగ్గించి మెల్లగా నడుపుతోంది. సాయంత్రం నిజంగానే ఎండ లేదు కాబట్టి అప్పుడు అంతా సరిగ్గా ఉంటోంది.

గుడ్డ తీసేశాం. స్వామిని జానెడు దూరం పక్కకు జరిపాం. మీటను మళ్ళీ 24 మీద, ఆటో మీద పెట్టాం. కాసేపటికి బ్లోయర్ దానంతటదే వేగం అందుకుంది. ఆ కారుకు జరిగిన మరమ్మతు అంతే. రెండుసార్లు కొట్టించిన గ్యాస్ డబ్బు మాత్రం పోయింది.

అమ్మా, అయ్యా, ఈ పావుగంటలో నేను మీకు చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఆటోమేటిక్ ఏసీ ఉన్న కారులో చల్లదనం తగ్గితే, గ్యాస్ అయిపోయిందని ముందే అనుకోకండి. గ్యాస్ సంగతి చివరికి చూద్దాం. ముందు, ఆ యంత్రానికి కబుర్లు సరిగ్గా అందుతున్నాయా లేదా చూద్దాం.

ఈ యంత్రం ఎలా పనిచేస్తుందో మీకు తెలియనిది కాదు. మీ ఇంట్లోనే చూసి ఉంటారు. అమ్మ పసిబిడ్డకు నీళ్ళు పోసేటప్పుడు ఏం చేస్తుంది? బయట చలిగా ఉందా, ఉక్కగా ఉందా అని చూస్తుంది. బిడ్డ ఒళ్ళు తాకి చూస్తుంది. వేణ్ణీళ్ళలో చన్నీళ్ళు తొరిపి, మోచేయి ముంచి చూస్తుంది. చాలకపోతే ఇంకో చెంబు కలుపుతుంది. మీ కారు చేసేదీ అదే పని. బంపర్ వెనక ఒక సెన్సార్ బయటి వేడి చూస్తుంది. స్టీరింగ్ దగ్గరో, మధ్యలోనో చిన్న జల్లెడలాంటి కన్నం వెనక ఇంకో సెన్సార్ కారు లోపలి వేడి చూస్తుంది. ఎండ చూసేది అద్దం కింద ఉంటుంది. కూలింగ్ కాయిల్ దగ్గర మరొకటి. ఈ కబుర్లన్నీ విని, వేడిగాలినీ చల్లగాలినీ తొరిపే ఒక చిన్న తలుపును కారు అటూ ఇటూ తిప్పుతుంది. దానికి చిన్న మోటారు ఉంటుంది. ఇంగ్లీషులో ఆ తలుపును బ్లెండ్ డోర్ అంటారు. మనం తొరిపే తలుపు అనుకుందాం.

ఇప్పుడు చెప్పండి. అమ్మ చేతికి స్పర్శ తెలియకపోతే? నీళ్ళు వేడిగా ఉన్నాయో చల్లగా ఉన్నాయో ఆమెకు తెలియదు. తప్పు పొయ్యిలో లేదు, కాగులో లేదు. మనం మాత్రం పొయ్యిలోకి కట్టెలు ఎగదోస్తున్నాం. కబురు తప్పిన కారుకు గ్యాస్ కొట్టించడం అంటే అదే.

కారులో చల్లగాలి కొత్తది కాదు. అమెరికాలో ప్యాకార్డ్ అనే కంపెనీ 1940 మోడల్ కార్లలో ఏసీ బిగించి అమ్మింది. కూలింగ్ కాయిల్ వెనక సీటు వెనకాల ఉండేది. దాన్ని ఆపాలంటే బటన్ లేదు. కారు ఆపి, ఇంజను ఆపి, బానెట్ ఎత్తి కంప్రెసర్ బెల్టు ఊడదీయాలి! తర్వాత 1964లో క్యాడిలాక్ కంపెనీ, డ్రైవరు ఒక అంకె పెడితే కారే చూసుకునే పద్ధతి తెచ్చింది. ఆ అంకె పద్ధతే ఇవాళ మన చిన్న కార్లలోకీ వచ్చింది. బెల్టు ఊడదీసే రోజుల నుంచి ఇంత దూరం వచ్చాం. ఆ యంత్రం ఏమడుగుతోందో వినడం మాత్రం మనమింకా నేర్చుకోలేదు.

ఇందాక చేసిన పరీక్ష మళ్ళీ చెబుతాను. ఇది గుర్తుంచుకుంటే చాలు. ఇంజను నడుస్తుండగా ఏసీ వేయండి. టెంపరేచర్ను అట్టడుగుకు తిప్పండి. తెర మీద "లో" అని రావాలి. "లో" అని పెట్టగానే చాలా కార్లు సెన్సార్ల మాట పక్కన పెట్టేస్తాయి. తొరిపే తలుపును పూర్తిగా చల్లటి వైపుకు తిప్పి, బ్లోయర్ను పూర్తి వేగంతో నడుపుతాయి. అప్పుడు గాలి మంచులా వచ్చిందా? చల్లబరిచే యంత్రం బాగుంది. లోపం సెన్సార్లలో ఉంది. అప్పుడు కూడా చల్లగా రాలేదా? అయితే లోపం చాలావరకు తొరిపే తలుపులోనో, చల్లబరిచే యంత్రంలోనో ఉంటుంది. "లో" దగ్గర చల్లగా ఉంటే సెన్సార్. "లో" దగ్గర కూడా చల్లగా లేకుంటే చాలావరకు తలుపు, లేదా యంత్రం. పైసా ఖర్చు లేదు. షెడ్డుకు వెళ్ళేముందు మీ ఇంటి ముందే చేసుకోవచ్చు.

ఇప్పుడు ఆ పరీక్షకు లొంగని ఒక వింత కేసు చెబుతాను. రామగుండం నుంచి వచ్చిన కారు. ఎండాకాలంలో రామగుండం సంగతి మీకు చెప్పాలా? కారు తెర మీద బయటి ఉష్ణోగ్రత చూస్తే మైనస్ 30 అని ఉంది! కంప్రెసర్ కదలట్లేదు. గ్యాస్ నిండుగా ఉంది. ఫ్యూజులు బాగున్నాయి. "ఈ మధ్య కారు ఎక్కడన్నా తగిలిందా?" అని అడిగాను. నెల కిందట ముందు బంపర్ చితికితే ఎక్కడో కొత్తది వేయించారట. బంపర్ విప్పాను. బయటి వేడి చూసే సెన్సార్ ప్లగ్గు వేలాడుతోంది. బంపర్ బిగించినవాళ్ళు ఆ ప్లగ్గు పెట్టడం మరిచిపోయారు.

మైనస్ 30 ఎక్కడి నుంచి వచ్చింది? ఈ సెన్సార్లకు ఒక స్వభావం ఉంది. వేడి పెరిగేకొద్దీ వాటిలో కరెంటుకు అడ్డు తగ్గుతుంది. చల్లబడేకొద్దీ అడ్డు పెరుగుతుంది. వైరు తెగిపోతే, ప్లగ్గు ఊడిపోతే, ఇక అంతా అడ్డే. అంటే కారుకు అది గడ్డకట్టే చలిలా కనిపిస్తుంది. అంత చలిలో ఏసీ నడిపితే కంప్రెసర్ పాడవుతుందని కారు దాన్ని ఆపేస్తుంది. కారు తప్పు చేయలేదు. విన్నదాన్ని బట్టి సరిగ్గానే నడుచుకుంది. అందుకే మీ కారు చూపించే బయటి ఉష్ణోగ్రత మీద ఎప్పుడూ ఒక కన్నేసి ఉంచండి. ఎండలో నిలబెట్టిన కారు కొంచెం ఎక్కువ చూపిస్తే కంగారు లేదు. ఎండ, ఇంజను వేడి తగిలి అలా చూపిస్తుంది, నాలుగు కిలోమీటర్లు నడిపితే సర్దుకుంటుంది. మండుటెండలో మంచు ప్రదేశం అంకె చూపిస్తే మాత్రం, ఆ సెన్సార్ సంగతి ముందు చూడమనండి.

దీనికి తలకిందుల కేసు కూడా ఉంది. కొందరు, "26 పెట్టినా వణికిపోతున్నామండీ" అని వస్తారు. అప్పుడు నేను అడిగేది, "కొత్త మ్యూజిక్ సిస్టమ్ వేయించారా?" అని. చాలామంది ఆశ్చర్యపోతారు. పాటలకూ చలికీ ఏం సంబంధం? లోపలి వేడి చూసే ఆ జల్లెడ కన్నం వెనక ఒక సన్నటి గొట్టం ఉంటుంది, కొన్ని కార్లలో చిన్న ఫ్యాన్ ఉంటుంది. అది కారులోని గాలిని మెల్లగా సెన్సార్ మీదికి లాగుతుంది. స్టీరియో విప్పి బిగించేటప్పుడు ఆ గొట్టం ఊడిపోయిందనుకోండి. సెన్సార్కు మన చుట్టూ ఉన్న గాలి అందదు. డాష్‌బోర్డు వెనక మగ్గిన వేడిగాలి తగులుతుంది. పాపం, అది లోపల ఇంకా ఉడికిపోతున్నారనుకుని చల్లగాలి తోస్తూనే ఉంటుంది. బ్లోయర్ నడుస్తుండగా ఆ కన్నం దగ్గర పల్చటి కాగితం ముక్క పెట్టి చూడండి. మెత్తగా అంటుకుని నిలబడితే గాలి లాగుతోందని అర్థం. జారి పడితే గొట్టం చూడాలి. ఆ కన్నం మీద స్టిక్కర్లు అంటించకండి. పూజ చేసినప్పుడు పసుపు, కుంకుమ అందులో పడనివ్వకండి.

తొరిపే తలుపు దగ్గరికి వద్దాం. డాష్‌బోర్డు వెనక నుంచి "టిక్, టిక్, టిక్" అని బల్లి పలికినట్టు శబ్దం వస్తోందా? కారు స్టార్ట్ చేసినప్పుడో, అంకె మార్చినప్పుడో వచ్చి ఆగిపోతోందా? ఆ తలుపు మోటారులో ప్లాస్టిక్ పళ్ళ చక్రాలు ఉంటాయి. ఒక పన్ను విరిగితే చక్రం జారి, మళ్ళీ పట్టుకుని, మళ్ళీ జారుతుంది. ఆ శబ్దమే అది. తలుపు సగంలో నిలిచిపోతుంది. డ్రైవరు వైపు చల్లగా, పక్క సీటు వైపు వేడిగా వస్తుంది. రెండు వైపులా వేరువేరు అంకెలు పెట్టుకునే కార్లలో ఇది తరచుగా చూస్తాం. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. అలాంటి కొన్ని కార్లలో గ్యాస్ కొంచెం తగ్గినా ఒక వైపే వేడి వస్తుంది. అందుకని శబ్దం ఉందా లేదా విని, ఆ తర్వాతే తేల్చుకోవాలి. శబ్దం ఉంటే మోటారు. శబ్దం లేకుంటే ప్రెషర్ గేజీలు పెట్టి గ్యాస్ చూడాలి.

బ్యాటరీ మార్చిన తర్వాత కూడా కొన్ని కార్లలో ఈ తలుపులు తికమక పడతాయి. ఎక్కడ తెరిచి ఉన్నాయో, ఎక్కడ మూసి ఉన్నాయో కారు మరిచిపోతుంది. తాళం తిప్పి ఆన్ చేసి, ఏ బటనూ నొక్కకుండా ఒకటి రెండు నిమిషాలు వదిలేస్తే చాలా కార్లు తలుపులను ఒక కొస నుంచి ఇంకో కొసకు తిప్పి మళ్ళీ నేర్చుకుంటాయి. ఆ సమయంలో కంగారుపడి బటన్లు నొక్కకండి.

అమెరికాలో ఉండే మన పిల్లలు చలికాలంలో ఫోన్ చేసి ఇంకో మాట అడుగుతుంటారు. "పొద్దున్నే కారు స్టార్ట్ చేస్తే ఆటోలో బ్లోయర్ తిరగదు, పాడైందా?" అని. పాడవలేదు. ఇంజనులో నీళ్ళు వేడెక్కే దాకా గాలి తోలితే చల్లగాలే మొహాన కొడుతుంది. అందుకని కారు ఆగుతుంది. నీళ్ళు వేడెక్కగానే బ్లోయర్ అందుకుంటుంది.

సరే, "లో" పరీక్షలో చల్లగా రాలేదు. అప్పుడు చల్లబరిచే యంత్రం వైపు చూడాలి. అక్కడ కూడా గ్యాస్ మొదటిది కాదు.

సిగ్నల్ దగ్గర ఆగితే వేడిగాలి, రోడ్డు మీద పరుగెడితే చల్లగాలి. ఇలా ఉంటే కారు ముందు భాగం చూడండి. రేడియేటర్ ముందు కండెన్సర్ ఉంటుంది. లోపలి వేడిని బయటికి వదిలేది అదే. దాని మీద దుమ్ము, పురుగులు అట్టకట్టి ఉండొచ్చు. లేదా దాని ఫ్యాన్ తిరగకపోవచ్చు. పరుగెడుతున్నప్పుడు ఎదురుగాలి తగిలి పని జరుగుతుంది. ఆగగానే గాలి లేదు, వేడి పోదు. నీళ్ళు మెల్లగా కొట్టి కడిగిస్తే చాలాసార్లు సరిపోతుంది. పెద్ద ప్రెషర్‌తో కొడితే కండెన్సర్ రేకులు వంగిపోతాయి, జాగ్రత్త.

ఇంకో రకం. హైదరాబాద్ నుంచి విజయవాడ వస్తున్నారు. సూర్యాపేట దాకా చల్లగా ఉంది. ఆ తర్వాత బ్లోయర్ హోరు వినిపిస్తోంది కానీ గాలి రావట్లేదు. చాయ్ కోసం ఆపి పావుగంట తర్వాత బయలుదేరితే మళ్ళీ బాగుంది. కారు కింద నీళ్ళు ఎప్పటికంటే ఎక్కువగా కారి ఉంటాయి. అంటే కూలింగ్ కాయిల్ మీద మంచు గడ్డకట్టింది. గాలి వెళ్ళే దారి మూసుకుపోయింది. ఆగినప్పుడు ఆ మంచు కరిగి నీళ్ళయింది. కాయిల్ మరీ చల్లబడితే కంప్రెసర్ను ఆపమని చెప్పాల్సిన సెన్సార్ చెప్పలేదన్నమాట. లేదా ఏసీ ఫిల్టర్ దుమ్ముతో పూడుకుపోయింది. ఫిల్టర్ చాలా కార్లలో గ్లోవ్ బాక్స్ వెనక ఉంటుంది. ముందు అది తీసి చూడండి. మన దుమ్ము రోడ్లకు అది ఎంత త్వరగా నల్లబడుతుందో చూస్తే మీకే బాధ కలుగుతుంది. ఆ గాలినే కదా పిల్లలు పీలుస్తున్నది.

ఫిల్టర్ తీసినప్పుడు ధాన్యం పొట్టు, కాగితం ముక్కలు, పత్తి కనబడితే అవి ఎలుక గూడు ఆనవాళ్ళు. ఎలుక వస్తే వైర్లు కూడా కొరికి ఉండొచ్చు. పొలాల పక్కన, గోదాముల పక్కన కార్లు పెట్టేవాళ్ళు నెలకొకసారి బానెట్ ఎత్తి చూసుకోవాలి.

ఇక గ్యాస్. పెట్రోలు ఖర్చయినట్టు గ్యాస్ ఖర్చవదు. మూసిన గొట్టాల్లో తిరిగి తిరిగి మళ్ళీ అక్కడికే వస్తుంది. రబ్బరు గొట్టాల గుండా ఏళ్ళ తరబడి రవంత పోతే పోవచ్చు. ఏటా కొట్టించాల్సి వస్తోందంటే మాత్రం ఎక్కడో లీకు ఉంది. చాలా చిన్న కార్లలో మొత్తం పట్టేది అరకిలో అటూ ఇటూ. ఎన్ని గ్రాములు, ఏ గ్యాస్ అనేది బానెట్ కింద స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. తూకం వేసి ఎక్కించాలి. చేత్తో గొట్టం తాకి చూసి "చాలు" అనడం కాదు. తక్కువైతే చల్లదనం రాదు. ఎక్కువైనా చల్లదనం రాదు. ఇది మళ్ళీ చెబుతాను, ఎక్కువైనా చల్లదనం రాదు. ఎక్కించే ముందు వ్యాక్యూమ్ పెట్టి లోపలి గాలినీ తేమనూ లాగేయాలి. లీకును పట్టుకోకుండా గ్యాస్ పోస్తే, అది గాలిలోకే పోతుంది. చాలా కార్లలో ఉండే ఆర్ 134 ఏ గ్యాస్, బరువుకు బరువు చూస్తే బొగ్గుపులుసు వాయువు కంటే వెయ్యి రెట్లకు మించి భూమిని వేడెక్కిస్తుంది. మన ఎండలకు మనమే ఎండ కలుపుతున్నాం.

మెకానిక్ తమ్ముళ్ళు ఎవరైనా వింటుంటే వారికొక మాట. టయోటా వారి చాలా ఆటోమేటిక్ కార్లలో ఆటో బటన్నూ, లోపలి గాలి బటన్నూ కలిపి నొక్కి పట్టి తాళం తిప్పితే కారే తన జబ్బు అంకెలో చెబుతుంది. 11 అంటే లోపలి సెన్సార్. 12 అంటే బయటి సెన్సార్. 21 అంటే సూర్యుడి సెన్సార్. అయితే షెడ్డులో చీకట్లో పరీక్ష చేస్తే, అన్నీ బాగున్నా 21 చూపిస్తుంది. వెలుతురు లేక అలా చెబుతుంది. కారును ఎండలోకి తోసి, మళ్ళీ చూడండి. ఆ తర్వాతే సెన్సార్ మార్చండి. చీకట్లో చూసి మార్చితే బాగున్న సెన్సార్ పారేసి, కస్టమర్ దగ్గర దాని ఖరీదు వసూలు చేసినవాళ్ళమవుతాం.

ఇంట్లో మీరు చేయకూడనివి కూడా చెప్పాలి. గ్యాస్ గొట్టాల బిగింపులు విప్పకండి. లోపలి గ్యాస్ ద్రవంగా చిమ్మి కంట్లో పడితే చూపు పోవచ్చు, చర్మాన్ని గడ్డకట్టిస్తుంది. ఇంజను ఆగి ఉన్నా రేడియేటర్ ఫ్యాన్ దగ్గర చెయ్యి పెట్టకండి, అది తనంతట తానే తిరగొచ్చు. డాష్‌బోర్డు కింద పసుపుపచ్చ రంగు వైర్లు, ప్లగ్గులు కనబడితే అవి ఎయిర్ బ్యాగువి, తాకకండి. కరెంటు కార్లలో, హైబ్రిడ్ కార్లలో నారింజ రంగు కేబుళ్ళు ప్రాణం తీసేంత వోల్టేజివి.

ఏలూరు కుటుంబం ఆ సాయంత్రం తిరిగి వెళ్ళేటప్పుడు పాప నిద్రపోతోంది. రెండుసార్లు గ్యాస్ కొట్టిన చోట ఎవరూ లీకు వెతకలేదు, ఎవరూ డాష్‌బోర్డు మీది గుడ్డ ఎత్తి చూడలేదు. అందుకే మిమ్మల్ని కోరేది ఒకటి. రేపు మీ కారు ఏసీ మొరాయించి, ఎవరైనా "గ్యాస్ కొట్టాలండీ" అంటే, డబ్బు తీసేముందు నెమ్మదిగా ఒక్క మాట అడగండి. "లీకు ఎక్కడుందో చూపిస్తారా, బాబూ?"